పరాయి ఆల్బంలో మా నలుగురం

మా పెద్దమ్మాయి విశాఖపట్నంలో కాలేజీలో చేరడానికి మంగళవారం బయల్దేరాలి. శుక్రవారం పొద్దున పెట్టె సర్దుకుంటూ, "నాన్నా, మన నలుగురం ఉన్న ఫోటో ఒకటి ప్రింటు తీసివ్వవా? హాస్టల్లో మంచం పక్కన అంటించుకుంటాను" అంది. అదెంతసేపు అన్నాను. బందరులో స్టూడియో పెట్టి ఇరవయ్యేళ్ళు దాటినవాణ్ణి. ఫోటో ఇమ్మని అడిగితే వంటవాణ్ణి మంచినీళ్ళు అడిగినట్టు అనిపించింది.

శనివారం సాయంత్రానికి కూడా ఆ ఫోటో దొరకలేదు.

హార్డ్ డిస్కులన్నీ తిరగేశాను. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళున్నాయి, ఓణీల ఫంక్షన్లున్నాయి, పెడనలో ఎవరో కొత్త మరమగ్గానికి చేసిన పూజ కూడా ఉంది. మా వాళ్ళవి మాత్రం ఒక చోట మా ఆవిడ మోచెయ్యి, ఒక చోట చిన్నమ్మాయి చెప్పు, ఇసకలో నా నీడ. అంతే. పాతికేళ్ళ నాటి మా పెళ్ళి ఫోటోలు తుఫాను నీళ్ళలో పోయాయి. ఆ తర్వాత మా నలుగురం ఒక్క చట్రంలోకి రానే లేదు.

మేం షికార్లు తిరగని వాళ్ళం అనుకునేరు. బందరు చుట్టుపక్కల మాకంటే ఎక్కువ తిరిగిన కుటుంబం ఉండదు. ప్రతి ఆదివారం పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసాలు సర్దుకుని కారెక్కేవాళ్ళం. పెడన కాలవ గట్టున ఆరేసిన కలంకారీ గుడ్డలు, గుడివాడ దారిలో చేపల చెరువులు, పులిగడ్డ దగ్గర నది మీదుగా కాలవ పారే అక్విడెక్టు, నాగాయలంక రేవు, అన్నీ చూశాం. చూశాం అనడం కూడా తప్పే. నేను చూశాను. వాళ్ళు నిలబడ్డారు.

ఈ రోజుల్లో పెళ్ళికి ముందే జంటని తీసుకెళ్ళి ఫోటోలు తియ్యాలి. దానికి చోటు చూసుకోవాలి. ఏ వేళ ఎండ ఎటు పడుతుందో తెలియాలి. అందుకని మంచి చోటు కనపడగానే కారాపి, మా ఆవిణ్ణి పెళ్ళికూతురు నిలబడే చోట నిలబెట్టేవాణ్ణి. పెద్దమ్మాయి వెలుతురు కొట్టే తెల్ల అట్ట పట్టుకునేది. చిన్నమ్మాయి పక్కనుంచి విసనకర్రతో వాళ్ళమ్మ జుట్టు ఎగిరేలా విసిరేది. నేను, "గడ్డం కొంచెం పైకి, ఇంకొంచెం, అక్కడే ఉండండి" అనేవాణ్ణి. వృత్తి అలవాటు, పెళ్ళాన్నయినా అండీ అనే అంటాను. నాలుగు ఫోటోలు కొట్టి, వెలుతురు లెక్క చీటీ మీద రాసుకుని, కార్డులో చోటు కోసం సాయంత్రానికి ఆ నాలుగూ చెరిపేసేవాణ్ణి.

"మనం వెళ్ళేది షికారుకా, కూలికా?" అని మా ఆవిడ అడిగేది. కూలికైతే మధ్యలో టీ ఇస్తారని కూడా అనేది. నాకు కోపమొచ్చేది. ఇంత అందమైన చోట్లకి తీసుకెళ్తుంటే ఈ మాటలేమిటని.

ఫోటో దొరకలేదని ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి, "పాతదెందుకు, రేపు పొద్దున మంగినపూడి బీచిలో కొత్తది తీస్తాను" అన్నాను.

ఆదివారం తెల్లారేసరికి బీచిలో ఉన్నాం. కెమేరా స్టాండు మీద పెట్టి, పది సెకన్ల తర్వాత దానంతటదే కొట్టుకునేలా పెట్టి పరిగెత్తాను. మంగినపూడిది నల్ల మట్టి. ఎడమకాలి చెప్పు దిగబడిపోయింది. ఫోటోలో ముగ్గురు ఆడవాళ్ళూ, వాళ్ళకేసి వంగిన నా వీపూ వచ్చాయి. రెండోసారి చెప్పులు విప్పి పరిగెత్తాను. సమయానికే చేరాను గానీ, మా ఆవిడ కొంగు మీద వెలుతురు ఎక్కువ పడుతోందనిపించి చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చెయ్యి చిన్నమ్మాయి మొహానికి అడ్డం వచ్చింది. మూడోసారి అందరం బాగానే కుదిరాం, వెనక ఒక కుక్క మాత్రం కుదరలేదు. కుక్క ఉంటే ఉందిలే అన్నారు వాళ్ళు. ఎలా ఉంటుంది? నా పేరేం కావాలి?

పదో పదకొండోసారికి ఎండ నెత్తికెక్కింది. నేను స్టాండు దగ్గర్నుంచి, "గడ్డం కొంచెం పైకి..." అన్నాను.

"ఇంకొక్కసారి గడ్డం అన్నారంటే ఆ కెమేరా సముద్రంలో ఉంటుంది" అంది మా ఆవిడ.

పెద్దమ్మాయి వెళ్ళి కార్లో కూర్చుంది. నేను వెళ్ళి చూసేసరికి ఏడుస్తోంది.

"ఒక్క ఫోటో అడిగాను నాన్నా. ఎవరెవరికో వేలు వేలు తీస్తావు. అక్కడ అందరూ మీ ఇంట్లోవాళ్ళెలా ఉంటారని అడుగుతారు. ఏం చూపించను? అమ్మ మోచెయ్యా?"

నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్న సంగతి అప్పుడు బయటపెట్టాను. మా నలుగురి ఫోటో ఒకటుంది. మా ఇంట్లో కాదు, దివిసీమలో ఎవరిదో పెళ్ళి ఆల్బంలో.

అది మాస్కుల కాలం నాటి పెళ్ళి. పెళ్ళికూతురిది గుడివాడ, పెళ్ళికొడుకుది నాగాయలంక దాటాక ఒక పల్లెటూరు. నాగాయలంక రేవులో ముందస్తు ఫోటోలు. పెళ్ళికొడుకు పట్టుపంచె కట్టుకొస్తానన్నాడు. తెల్ల పంచె మీద ఎండ పడితే ఫోటోలో అక్కడ ఏమీ మిగలదు. అందుకని ముందు ఆదివారమే నేను పంచె కట్టుకుని, మా ఆవిడ చేత మా పెళ్ళినాటి ఎర్ర పట్టుచీర కట్టించి, రేవు మెట్ల మీద ఇద్దరం నిలబడి, కెమేరా దానంతటదే కొట్టుకునేలా పెట్టి పరీక్ష చేశాను. పిల్లలిద్దరూ అటూ ఇటూ ఉన్నారు. ఎప్పట్లా సాయంత్రం చెరిపెయ్యాల్సిందే. ఆ వారం పని తొందరలో ఒక్కటి మిగిలిపోయి పెళ్ళివారి ఫోటోల్లో కలిసిపోయింది.

ఆల్బంలోకి ఏయే ఫోటోలు వెళ్ళాలో మేం నిర్ణయించం. ఫోటోలన్నిటికీ నంబర్లు వేసి రెండు ఇళ్ళకీ పంపుతాం, వాళ్ళు టిక్కులు పెట్టి ఇస్తారు. గుడివాడవాళ్ళు మా ఫోటో చూసి, ఎవరో మగపెళ్ళివారి తాలూకు పెద్దమనుషులు, వదిలేస్తే ఏమనుకుంటారోనని టిక్కు పెట్టారు. దివిసీమవాళ్ళు చూసి, ఎవరో ఆడపెళ్ళివారి తాలూకు, పట్టుబట్టల్లో ఉన్నారు, కాదంటే మర్యాద కాదని వాళ్ళూ టిక్కు పెట్టారు. పెళ్ళిలో అందరూ మాస్కుల్లో ఉన్నారు కాబట్టి ఎవరెవరో ఒకరికొకరు తెలియదు. వియ్యాలవారిని "వీళ్ళెవరండీ?" అని అడగడం మన వైపు కుదిరే పని కాదు. నేను నంబర్ల చీటీ చూడకుండా గుడివాడలో ఉన్న డిజైనర్‌కి పంపాను. రెండు ఇళ్ళూ టిక్కు పెట్టిన ఫోటో అదొక్కటే కాబోలు, ఆయన దానికి రెండు పేజీలు పరిచి ఇచ్చాడు.

ఆల్బాలు రెండూ అచ్చయి వచ్చాక గానీ నేను చూసుకోలేదు. గప్‌చుప్‌గా ఎవరిది వాళ్ళకి పంపేశాను. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ కంటపడకూడదని మా దగ్గరున్న అసలు ఫోటో చెరిపేశాను.

ఇదంతా విని మా ఆవిడ, "అంటే నాలుగేళ్ళుగా నేను ఎవరింట్లోనో ఉన్నానా?" అంది. కొంగు దులుపుకుని, "పదండి, చూద్దాం" అంది.

గుడివాడ వద్దన్నాను. పెళ్ళికూతురి తండ్రి బేరానికి స్టూడియోకి వచ్చినప్పుడు మాస్కు దించి టీ తాగాం, నా మొహం తెలుసు. దివిసీమవాళ్ళు నన్ను మాస్కులోనే చూశారు. వెళ్ళి, ఫోటోగ్రాఫర్ తాలూకు మనుషులమని చెప్పి, ఆ పేజీకి ఒక ఫోటో తీసుకుని వచ్చేద్దామన్నాను. చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని మా ఆవిడ ఊళ్ళో ఆగి బందరు లడ్డూలు కొనిపించింది. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరాం. దారిలో ఒక చోట చేలో వందల కొంగలు వాలి ఉన్నాయి. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. అద్దంలో వెనక సీటువాళ్ళ చూపులు కనపడి కాలు తీసేశాను.

నాగాయలంక దాటాక, పెళ్ళికొడుకు ఇంటి గేటు తీస్తుండగానే వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఒకావిడ తలెత్తింది. పెళ్ళికొడుకు తల్లి. చేట కింద పడేసింది.

"అత్తయ్యా! వచ్చారు! గుడివాడవాళ్ళు వచ్చారు!"

లోపలినుంచి పెళ్ళికొడుకు నాయనమ్మగారు గబగబా వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. మా నలుగురినీ వరసగా చూసి, "వాళ్ళే" అన్నారు.

"అమ్మా, మేం..." అన్నాను.

"మీరేం మాట్లాడకండి అన్నయ్యగారూ" అంది తల్లి. "తప్పు మాదే. ఆల్బంలో రెండు పేజీల మనుషులు, పెళ్ళిలో మీకు బట్టలు పెట్టకుండా పంపేశాం. ఆల్బం వచ్చాక గానీ మాకు తెలియలేదు. ఆ కోపంతోనే కదా సీమంతానికి రాలేదు, అన్నప్రాసనకి రాలేదు. వదినగారూ, లోపలికి రండి. కాళ్ళు కడుక్కోండి."

మా ఆవిడ నాకేసి చూసింది. చెప్పెయ్యండి అని దాని అర్థం. నేను చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు నా చేతిలో ఏదో ఒకటి పెడుతున్నారు. మొదట మజ్జిగ, తర్వాత తువ్వాలు, తర్వాత విస్తరి. రొయ్యల వేపుడు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. నోరు తెరిస్తే ముద్దకే కుదిరింది. పైగా నిజం చెప్పాలంటే, నేను వెళ్ళిన వందల పెళ్ళిళ్ళలో చివరి బంతిలో తప్ప తినలేదు. పక్కన కూర్చుని కొసరి వడ్డించినవాళ్ళు లేరు. రెండోసారి పెరుగు వేస్తుంటే వద్దనలేకపోయాను.

కొత్త జంట బెంగుళూరులో ఉంటారట. వాళ్ళు ఫోన్లలోనే అన్నీ చూసుకుంటారు, ఆల్బం తెరవరు. తెరిచేది వీళ్ళూ, వచ్చిపోయే చుట్టాలూ. అదే మా ప్రాణం కాపాడింది అనుకుంటుండగా, తల్లి ఫోను తీసి గుడివాడకి వీడియో కాల్ చేసింది.

"అన్నయ్యగారూ, ఎవరొచ్చారో చూడండి! అలక తీరింది!"

ఫోను తెచ్చి నా మొహం మీద పెట్టింది. అటువైపు పెళ్ళికూతురి తండ్రి. నన్ను చూడగానే ఆయన గబుక్కున లేచి బనీను మీద చొక్కా వేసుకున్నారు.

"నమస్కారమండీ, నమస్కారం. ఎంతకాలానికి చూశామండీ మిమ్మల్ని. మా ఆవిడ మీ వైపు ఆడపడుచుగారి కోసం ప్రతి పండక్కీ రవికెల గుడ్డ పంపుతూనే ఉందండీ. అందుతున్నాయా?"

ఆయన లెక్కలో మేం దివిసీమవాళ్ళం, ఆ ఆడపడుచు మా ఆవిడే; వీళ్ళ లెక్కలో గుడివాడవాళ్ళం. అందుతున్నాయన్నాను. ఏం చెయ్యమంటారు?

ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని నన్ను పరీక్షగా చూశారు. "ఏమీ అనుకోకండి బావగారూ, మా ఫోటోగ్రాఫర్ ఒకాయన ఉన్నాడు బందరులో. అచ్చం మీలాగే ఉంటాడు."

"చాలామంది అంటారండీ" అన్నాను.

"ఆయన కొంచెం చాదస్తం మనిషిలెండి" అన్నారాయన. మా చిన్నమ్మాయి నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది.

ఫోను పెట్టేశాక మా పెద్దమ్మాయి నెమ్మదిగా, "మామ్మగారూ, ఒకసారి ఆల్బం చూపిస్తారా?" అంది. దానికి వేళ మించిపోతోందన్న బెంగ ఒక్కటే ఉంది.

నాయనమ్మగారు బీరువాలోంచి తెచ్చారు. పట్టుగుడ్డలో చుట్టి ఉంది. మా పేజీ కోసం వెతకనక్కర్లేదు, అక్కడికే తెరుచుకుంది. అంచులు నలిగి ఉన్నాయి.

ఆ ఫోటోని చెరిపేటప్పుడు నేను చూసింది పంచె మీద వెలుతురే. తెల్లగా కొట్టేసింది, పనికిరాదు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆ పంచె జారుతోంది. నేను దాన్ని ఒక చేత్తో పట్టుకుని కెమేరాకేసి బెదురుగా చూస్తున్నాను. మా ఆవిడ కెమేరాకేసి చూడటం లేదు, నా కేసి చూసి పడీపడీ నవ్వుతోంది. చిన్నమ్మాయి విసనకర్ర ఎత్తి అలాగే ఆగిపోయింది. పెద్దమ్మాయి అట్ట కింద పడేసి వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. ఆ నవ్వు ఎప్పుడు నవ్విందో నాకు గుర్తు లేదు. అక్కడే, రెండు అడుగుల దూరంలో ఉన్నాను, చూసుకోలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

డిజైనర్ తన పనితనం చూపించాడు. మా చుట్టూ గులాబీల తోరణం పెట్టాడు. మూలల్లో చిలకలు. పైన బంగారు అక్షరాలతో మా పెళ్ళికి స్వాగతం అని ఇంగ్లీషులో రాశాడు.

పెద్దమ్మాయి సెల్‌ఫోను తీసింది. నున్నటి పేజీ, సరిగ్గా మా ఆవిడ మొహం మీద ట్యూబులైటు మెరుస్తోంది. ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను. ట్యూబులైటు ఆర్పించాను. ఆల్బం గుమ్మం దగ్గరికి తెప్పించాను. పెళ్ళికొడుకు తల్లి చేత వాకిట్లో దుప్పటి అడ్డం పట్టించాను. మా ఆవిడ చెప్పకుండానే చేట తీసి వెలుతురు మళ్ళిస్తోంది, పాపం అలవాటు. నాయనమ్మగారు పీటమీద కూర్చుని ఆల్బం నిలబెట్టి పట్టుకున్నారు. ఆవిడ వంగి చూస్తుంటే తల నీడ పేజీ మీద పడుతోంది.

"మామ్మగారూ, గడ్డం కొంచెం పైకి, ఇంకొంచెం, అక్కడే ఉండండి" అన్నాను.

నాయనమ్మగారు గడ్డం పైకెత్తి, అక్కడే ఉండిపోయారు. ఆల్బం మీంచి నా కళ్ళలోకి చూశారు.

"ఓరి నువ్వా!" అన్నారు. "నా మనవడి పెళ్ళిలో ఈ మాటే అని అరగంట ఎండలో కూచోబెట్టావు. రెండు రోజులు మెడ పట్టేసింది. మాస్కు ఉంటే మాత్రం ఆ గొంతు మర్చిపోతానా?"

దుప్పటి జారింది. ఇక దాచడానికేం లేదు. నాగాయలంక రేవు దగ్గర్నుంచి నంబర్ల చీటీ దాకా మొత్తం చెప్పాను. చెప్పినంతసేపూ నా పంచె జారుతున్నట్టే అనిపించింది, వేసుకున్నది ప్యాంటే అయినా.

పెళ్ళికొడుకు తల్లి అరుగు మీద కూలబడింది. "అయితే మీరు గుడివాడవాళ్ళు కారా?"

"బందరండీ."

"మరి గుడివాడవాళ్ళు పంపే రవికెల గుడ్డలు?"

"మీరేం చేస్తున్నారండీ వాటిని?" అంది మా ఆవిడ.

"ఆడపడుచుకని వస్తుంటే మా అమ్మాయికి అనుకుని ఇచ్చేస్తున్నాం" అంది ఆవిడ. తర్వాత చటుక్కున నా కేసి తిరిగింది. "ఈ సంగతి వాళ్ళకి చెప్పకండి అన్నయ్యగారూ. నాలుగేళ్ళుగా మా మనుషులని మర్యాద చేస్తున్నారు. ఇప్పుడు అలాంటి మనుషులే మాకు లేరంటే ఎంత నామర్దా!" నిజం తెలిశాక కూడా అన్నయ్యగారూ అనే అంది.

నాయనమ్మగారు లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చారు. చిలకపచ్చ చీర, పంచెల చాపు, పిల్లలకి పరికిణీ గుడ్డలు. ఫోటోలో చూసిన కొలతలకి కొన్నవి. మా పిల్లలిద్దరికీ ఇప్పుడవి మోకాళ్ళు దాటవు. అన్నిటి మూలలకీ పసుపు రాసి ఉంది.

"మామ్మగారూ, మేం మీకేమీ కాము" అంది మా ఆవిడ.

"పసుపు రాసి మీకని పెట్టాను. ఇంకొకరికి పెట్టను" అన్నారావిడ. "ప్రతి పనికీ మీరు వస్తారేమోనని వీధిలోకి చూశానమ్మా. ఆ నవ్వు మొహం మళ్ళీ చూడొద్దూ?"

మా ఆవిడ వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. లేచేసరికి కళ్ళనిండా నీళ్ళు. తిరుగు ప్రయాణంలో మోపిదేవి దాటాక అంది, పుట్టింటివాళ్ళు కాక తన కోసం చీర దాచిపెట్టినవాళ్ళు ఈవిడొక్కరేనని. నేను రోడ్డుకేసి చూస్తూ కారు నడిపాను.

పేజీ ఫోటోని పెద్దమ్మాయే తన ఫోనుతో తీసుకుంది. నన్ను పెరట్లోకి పంపించి తీసింది. సోమవారం స్టూడియోలో దాన్ని కంప్యూటర్ మీద పెట్టుకుని, గులాబీలు, చిలకలు, బంగారు అక్షరాలు చెరిపి శుభ్రం చేసిస్తానన్నాను. ఏమీ ముట్టుకోవద్దంది. ఉన్నదున్నట్టే ప్రింటు తీసిచ్చాను.

మంగళవారం వెళ్ళింది. బుధవారం సాయంత్రం ఫోన్ చేసింది. ఫోటో మంచం పక్కన అంటించిందట. గదిలో ఉన్న అమ్మాయిలు దాన్ని చూసి, ఎవరి పెళ్ళి అని అడిగారట.

"నువ్వేం చెప్పావే?" అంది మా ఆవిడ.

"మా అమ్మానాన్నల పెళ్ళి అని చెప్పాను. నేనూ చెల్లీ కూడా వెళ్ళాం అన్నాను."